ముందు బుడమేరు, తర్వాత నోవహు: సింగ్ నగర్ సండే స్కూల్లో ఒక పాఠం నడిచిన తీరు

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మాది ఒకే గది ఉన్న చిన్న చర్చి. పైన రేకులు, కింద గచ్చు. ఆదివారం ఆరాధనకు ముందు గంటసేపు సండే స్కూలు నడుస్తుంది. ముప్పైమందికి కాస్త అటూ ఇటూగా పిల్లలు వస్తారు. ఇంకా బడిలో వేయని నాలుగేళ్ల వాళ్ల దగ్గర్నుంచి తొమ్మిదో తరగతి వాళ్ల దాకా అందరూ ఆ గదిలోనే. టీచర్లం ఇద్దరం. నేను వారమంతా ఒక ప్రైవేటు స్కూల్లో ప్రైమరీ తరగతులకు చెబుతాను. నాకు తోడు డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె ఉంది. పిల్లలు ఆమెను అక్కా అంటారు, నన్ను ఆంటీ అంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా పేటను ముంచిన తర్వాత, బైబిల్లోని జలప్రళయం కథను, అంటే ఓడ కట్టి బతికిన నోవహు పాఠాన్ని మేం ఎలా చెప్పామో రాసి ఇవ్వమని ఇతర చర్చిల టీచర్లు అడుగుతున్నారు. చేసిన పనిలో అసలు సంగతి ఒక్కటే: నోవహు కథకు ముందు బుడమేరు కథ చెప్పాం. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

పిల్లలు మోసుకొచ్చినవి

సెప్టెంబరు 1 ఆదివారమే. ఆ రోజు సండే స్కూలు లేదు, చర్చీ లేదు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లన్నీ మునిగి, జనం డాబాల మీదికి, పై అంతస్తుల్లోకి ఎక్కారు. నీళ్లు రోజుల తరబడి తీయలేదు. నెలాఖరులో మేం మళ్లీ తలుపులు తీసేసరికి గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత ఉంది. బీరువాలో ఉన్న ఫ్లాష్‌కార్డులు, ఫ్లానెల్ బోర్డు బొమ్మలు, పాఠాల పుస్తకాలు, హాజరు రిజిస్టరు అన్నీ ముద్దయిపోయాయి. డోలక్ తోలు ఊడింది. మిగిలినవి ప్లాస్టిక్ కుర్చీలు, అవీ ఫినాయిల్ వేసి కడిగినవి.

మొదటి ఆదివారం పాఠం పెట్టలేదు. ఉప్మా పెట్టి, తెల్ల కాగితాలు, క్రేయాన్లు ఇచ్చి నచ్చింది వేసుకోమన్నాం. సగంమంది డాబాలు వేశారు. డాబా మీద మనుషులు, కింద గోధుమరంగు నీళ్లు. ఒకడు గేదెను వేశాడు, తల ఒక్కటే పైకి కనబడేలా. ఎవరినీ ‘ఇదేంటి, అదేంటి’ అని అడగలేదు. అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబు చెబుతారు. ఊరుకుంటే పక్కవాడితో అసలు మాట చెబుతారు, మనం వింటే చాలు.

రెండో తరగతి అబ్బాయి ఒకడు బొమ్మ వేయలేదు. తలుపు పక్కనే కూర్చున్నాడు. అందరూ చెప్పులు మెట్ల దగ్గర విప్పితే వాడు మాత్రం తనవి ఒక క్యారీబ్యాగులో పెట్టి, ముడివేసి, ఒళ్లో పెట్టుకున్నాడు. కొత్త చెప్పులు. పాతవి ఎటు పోయాయో చెప్పక్కర్లేదు. వాణ్ణి లోపలికి జరగమని ఎవరూ అనొద్దని అక్కకు సైగ చేశాను.

వెళ్లేముందు నాలుగో తరగతి అమ్మాయి అడిగింది: “ఆంటీ, మన పేటలో పాపం ఎక్కువైందని దేవుడు నీళ్లు పంపించాడంటగా, నోవహు టైంలో లాగా?”

“ఎవరన్నారమ్మా?”

“మా నాయనమ్మ ఫోన్లో వచ్చింది.”

పక్కనున్న ఎనిమిదో తరగతి కుర్రాడు అందుకున్నాడు: “మా బాబాయి వాళ్లుండేది పటమటలో. వాళ్లింట్లోకి చుక్క రాలేదు. వాళ్లు పాపం చెయ్యలేదా మరి?”

ఆ మధ్యాహ్నం పాస్టర్ గారితో కూర్చున్నాం. ఈ సంవత్సరానికి నోవహును పక్కనపెట్టి కీర్తనలు చెబుదాం, పిల్లలకు ధైర్యంగా ఉంటుందన్నారాయన. ఆయన మాటలో న్యాయముంది. కానీ నోవహు కథ అప్పటికే ఆ పిల్లల ఇళ్లల్లో తిరుగుతోంది, అదీ సగం కథ. మనం చెప్పకపోతే ఆ సగమే మిగిలిపోతుంది. చివరికి నవంబరు దాకా, అంటే క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యేదాకా, వేరే పాఠం పెట్టకుండా ఈ ఒక్క కథకే టైం ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

గచ్చు మీద బుడమేరు

తర్వాతి వారం బైబిలు తెరవకముందే గచ్చు మీద సుద్దతో పటం గీశాను. ఒక మూల మైలవరం వైపు కొండలు, ఎదురు మూల కొల్లేరు, మధ్యలో మన సింగ్ నగర్. కొండల మీద కురిసిన వాన బుడమేరై దిగి కొల్లేటికి పోవాలి. దారిలో వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కణ్ణుంచి మళ్లింపు కాలువ బుడమేరు నీటిని పక్కకు తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. బెజవాడ మునక్కుండా చేసుకున్న ఏర్పాటు అది.

“మరి కృష్ణే నిండుగా ఉంటే?” అని అడిగి ఆగాను.

పెద్దపిల్లలను రెండు వరసల్లో నిలబెట్టి గట్టులు చేశాం. నడిమి తరగతుల పిల్లలు నీళ్లు. అక్క కృష్ణ. ఆమె చేతులు చాపి దారి మూసేసింది. వెనకనుంచి ‘నీళ్లు’ నెట్టుకుంటూ వస్తూనే ఉన్నాయి, ముందు చోటు లేదు. ఎవరూ చెప్పకుండానే గట్టు ఒకచోట తెగింది. “గండీ!” అని అరిచారు. మళ్లింపు కాలువకు గండ్లు పడటమంటే ఏంటో, టీవీలో రోజూ విన్న ఆ మాట అప్పుడు అర్థమైంది వాళ్లకు. నాలుగైదేళ్ల వాళ్లను ఈ ఆటలో చేర్చలేదు. నెట్టుకోవడం వాళ్లకు పడదు, భయమూ వేస్తుంది. వాళ్లు కుర్చీలెక్కి చూశారు.

ఆ తర్వాత లెక్క. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. మన ఇళ్లకు వేసే వాటర్ క్యాన్ 20 లీటర్లది. తొమ్మిదో తరగతి వాళ్లకు బోర్డు ఇచ్చి కట్టమంటే సెకనుకు 16 లక్షల క్యాన్లని తేల్చారు. కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడన్నాడు: “అయితే అది పటమట వాళ్ల మంచితనం కాదు, వాళ్ల ఏరియాకు బుడమేరు పోదు, అంతే.”

ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురైంది. కాలువను ఇరుకు చేసి ఇళ్లు కట్టారని, తప్పు వాళ్లదేనని ఇంకో కుర్రాడు పెద్దగా అన్నాడు. మా పిల్లల్లో కట్ట మీద ఇళ్లున్నవాళ్లే ముగ్గురో నలుగురో ఉన్నారు. వాళ్ల తలలు దించుకుపోయాయి. ఇలాంటి చోట టీచరు తటపటాయించకూడదు. “ఊళ్లో అద్దె కట్టలేనివాళ్లు ఎక్కడ చోటుంటే అక్కడ గుడిసె వేసుకుంటారు. ఏరు నడిచే దారిని కాపాడాల్సిన పని పెద్దలది, ఊరందరిది. మునిగిన ఇంటివాళ్లను పట్టుకుని అడగాల్సిన లెక్క కాదిది” అన్నాను. అప్పుడు బైబిలు తీసి యోహాను సువార్త 9వ అధ్యాయం చదివించాను. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ప్రభువు చెప్పిన జవాబు: “వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు.” నాలుగో తరగతి అమ్మాయి ఆ ముక్కను నోట్సులో రాసుకుంది. నాయనమ్మకు చూపిస్తానంది.

సంఘపెద్ద ఒకాయన గుమ్మంలో నిలబడి చూసి, “ఇది సండే స్కూలా, సైన్సు క్లాసా అమ్మా?” అన్నారు. వెక్కిరింపేం కాదు, నిజంగానే అడిగారు. ఇంగ్లండులో గ్లౌస్టర్ పట్నంలో రాబర్ట్ రైక్స్ 1780లో సండే స్కూళ్లు మొదలుపెట్టింది వారమంతా పనికి పోయే పిల్లల కోసమని, అక్కడ బైబిలుతో పాటు చదవడం కూడా నేర్పేవారని చెప్పాను. పిల్లవాడికి ఆ వారం ఏది తెలియాలో అది చెప్పడం మనం కొత్తగా పెట్టిన ఆచారం కాదండీ అన్నాను. ఆయన తల ఊపారు. ఒప్పుకున్నట్టో, సరేలే అన్నట్టో తెలియదుగానీ, తర్వాతి వారం సుద్దముక్కల డబ్బా తెచ్చిచ్చారు.

ఎవరి మూర?

ఓడ కొలతలు ఆదికాండం 6వ అధ్యాయంలో ఉన్నాయి: పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. చాలా చోట్ల ఇవి పరీక్షలో ఖాళీలు పూరించడానికి తప్ప ఎందుకూ పనికిరావు. మన పిల్లలకు మూరంటే కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మల్లెపూలు మూరల్లెక్కనే కొంటాం.

ఒక్కొక్కరినీ మోచేతి నుంచి వేలికొస దాకా కొలుచుకోమంటే గొడవ మొదలైంది. యూకేజీ పాప మూర అడుగు కూడా లేదు, తొమ్మిదో తరగతి వాడిది దానికి ఒకటిన్నర రెట్లు. ఎవరి మూరతో ఓడ కట్టాలి? చర్చి సందు మొదట్లో పూలమ్మే ఆవిడను పిలుచుకొచ్చారు. ఆవిడ నవ్వుతూ తన చేత్తో పురికొసను కొలిచి ముడి వేసిచ్చింది. “నా మూర కచ్చితం, కొసరు కూడా వేస్తా” అంది. పిల్లలు కొసరు ఒప్పుకోలేదు, నోవహుకు దేవుడు కొసరు చెప్పలేదట.

ఆ పురికొసతో మా హాలు పొడవు కొలిస్తే 20 మూరలు దాటలేదు. వీధిలోకి వెళ్లి చర్చి గేటు నుంచి మొదలుపెట్టాం. ప్రతి పది మూరలకు ఒక పిల్లవాణ్ణి నిలబెట్టాలనుకున్నాం. మూడు వందలు పూర్తయ్యేసరికి వరస కిరాణా కొట్టు దాటి, మందుల షాపు దాకా పోయింది. మూర అడుగున్నర అనుకుంటే 450 అడుగులు. వెడల్పు 75 అడుగులు కొలవడానికి వీధి చాల్లేదు. “అడ్డంగా పెడితే ఈ వరస ఇళ్లన్నీ ఓడ కిందకే పోతాయి ఆంటీ” అన్నారు. ఎత్తు 45 అడుగులు. పెద్దపిల్లలు ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటును చూసి, పెంట్‌హౌస్ దాకా అని లెక్కేశారు. ఆ అపార్ట్‌మెంటు పైకెక్కి బతికినవాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు. ‘అంత పైదాకా ఎందుకు కట్టాలి’ అని వాళ్లు అడగలేదు.

ఆదివారం పొద్దున్న వీధిలో జనం తక్కువ కాబట్టి ఇది కుదిరింది. మెయిన్ రోడ్డు పక్క చర్చివాళ్లు మేడ మీదో, స్కూలు గ్రౌండులోనో చేసుకోవాలి.

ఓడ లోపల

సాయంగా వచ్చిన మంచినీళ్ల సీసాల అట్టపెట్టెలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. పాత సామాన్లవాడికి వేయకముందే తెమ్మన్నాం. వాటిని విప్పి, ప్యాకింగ్ టేపు వేసి, హాలు మధ్యలో నలుగురైదుగురు పట్టేంత ఓడ చేశాం. మూడు అంతస్తులు కుదరలేదు, ఒక కిటికీ, ఒక తలుపు మాత్రం పెట్టాం. లోపలా బయటా కీలు పూయమన్నాడు దేవుడు. తారు లాంటిదని చెప్పి పెద్దపిల్లలకు నల్ల పోస్టర్ కలర్ ఇచ్చాం. ఆ వారం బట్టలు పాడైన సంగతి తల్లులు నాకు ఇంకా గుర్తుచేస్తుంటారు.

వాన చప్పుడు వద్దనుకున్నాం. వేళ్లతో చిటికెలు, అరచేతులతో చప్పట్లు, కాళ్లతో దరువు వేసి వాన కురిపించడం మన క్లాసుల్లో బాగా పండే ఆట. అక్క కూడా అదే చేద్దామంది. మరో సంవత్సరం చేద్దాం, ఇప్పుడు వద్దన్నాను. అలాగే బేసిన్‌లో నీళ్లు పోసి పడవ తేల్చడం కూడా మానేశాం. నీళ్లు పిల్లల కళ్ల ముందు ఎలాగూ ఉన్నాయి, మనం మళ్లీ తెచ్చిపెట్టక్కర్లేదు.

కథలో వాన 40 రోజులే. కానీ నోవహు ఓడలోకి వెళ్లిన తేదీ, భూమి ఆరిన తేదీ రెండూ బైబిల్లో ఉన్నాయి. లెక్కిస్తే సంవత్సరం దాటి పది రోజులు. పాఠాల పుస్తకాల్లో ఈ సంవత్సరమంతా ఒక్క వాక్యంలో అయిపోతుంది. మేం ఒక ఆదివారమంతా అక్కడే ఆగాం. ఎనిమిది మంది మనుషులు, అన్ని జంతువులు, తలుపు మూసుంది. “పొద్దున్న లేచి ఏం చేస్తారు?” ఇంతే ప్రశ్న.

ఆ గంటలో మేం చెప్పింది తక్కువ. తాగే నీళ్లు దాచుకోవాలన్నారు. చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి ఉండవని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. బియ్యం పైన పెట్టాలి, అగ్గిపెట్టె కవర్లో చుట్టాలి. ముసలివాళ్లకు బీపీ మాత్రలు. సెల్ ఛార్జింగ్ ఉండదు కాబట్టి నోవహుకు గొడవ లేదని ఒకడన్నాడు. ఏనుగు పేడ ఎవరు ఎత్తాలన్న దగ్గర నవ్వులు. నోవహు కొడుకులు షేము, హాము, యాపెతు వంతులు వేసుకున్నారని ఒక పాప తీర్పు చెప్పింది. నవ్వు ఆగాక అదే పాప, “మా ఇంట్లో బురద నేనూ అమ్మే ఎత్తాం, నాన్న మంచం తుడిచాడు” అంది. వెంటనే మిగతావాళ్లు తమ తమ ఇళ్లలో ఎవరు ఏం కడిగారో చెప్పుకొచ్చారు. మొదటి ఆదివారం ‘ఏం జరిగింది’ అని అడిగి ఉన్నా బయటికి రాని మాటలన్నీ ఏనుగు పేడ పుణ్యమా అని వచ్చేశాయి.

కంఠత వాక్యం ఆదికాండం 8:1 నుంచి తీసుకున్నాం, దేవుడు నోవహును, ఓడలో అతనితో ఉన్న జంతువులను జ్ఞాపకం చేసుకున్నాడన్న భాగం. చిన్నవాళ్లకు చేతులతో అభినయం పెట్టాం. వాక్యంలో పశువులు కూడా ఉన్నాయని గేదె బొమ్మ వేసినవాడు పట్టుకున్నాడు.

నీళ్లు తగ్గాయో లేదో చూడటానికి నోవహు ముందు కాకిని, తర్వాత పావురాన్ని బయటికి వదిలాడు. ఆ కాకి, పావురం ఆటలో కాకి వేషం తలుపు దగ్గర కూర్చునే అబ్బాయికి ఇచ్చాం. కాకికి బయటికి వెళ్లడమే పని, అతను తలుపు దగ్గరే ఉన్నాడు. చెప్పుల కవరుతోనే ఎగిరి, వరండా చుట్టి వచ్చాడు. పావురం ఓలీవ ఆకుకు బదులు వేపాకు తెచ్చింది. “పావురమంటే పాలప్యాకెట్లు తెచ్చిన డ్రోన్ లాంటిదా ఆంటీ?” అని అయిదేళ్లవాడు అడిగాడు. ఆ వరదలో డ్రోన్లతో తిండి, పాలు అందించడం వాళ్లు కళ్లారా చూశారు. ఔననే చెప్పాను. ఆకు వచ్చాక కూడా నోవహు వెంటనే దిగలేదు, ఇంకో ఏడు రోజులు ఆగాడని చెబితే, “బురద ఆరాలిగా” అని వాడే సర్దిచెప్పాడు.

తలుపు, మాట

రెండు ప్రశ్నలకు నా దగ్గర తేలిక జవాబు లేదు. మీకూ ఇవి వస్తాయి, ముందే అనుకుని పెట్టుకోండి.

మొదటిది ఒకటో తరగతి పాపది. “బయటున్నవాళ్లు వచ్చి తలుపు కొడితే నోవహు తాత తీయలేదా?” తలుపు కొట్టారని బైబిల్లో లేదు. తలుపు మూసింది నోవహు కాదు, దేవుడని ఉంది. ఉన్నది ఉన్నట్టు అంతవరకే చెప్పాను. “నీకేమనిపిస్తోంది?” అంటే, “నేనైతే తీస్తా” అంది. మంచిదమ్మా అన్నాను. ఆ పాప మాటను సరిదిద్దాల్సిందని తర్వాత ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. మొన్ననే ముక్కూమొహం తెలియనివాళ్లు తలుపు తీసి వాళ్ల కుటుంబాన్ని మూడో అంతస్తులో పెట్టుకున్నారు. ఆ పిల్ల అక్కణ్ణుంచి మాట్లాడుతోంది. అయిదేళ్లలోపు వాళ్లకు మాత్రం ఓడ లోపలి కథే చెప్పాం. బయట చనిపోయినవాళ్ల సంగతి పెద్దపిల్లలతో, అధ్యాయం మొత్తం చదివించి మాట్లాడాం.

రెండోది నాలుగో తరగతి అమ్మాయిదే. దేవుడు తన మాటకు గుర్తుగా మేఘంలో పెట్టిన ఇంద్రధనుస్సు దగ్గరికి వచ్చేసరికి, “మళ్లీ జలప్రళయం రానివ్వనని దేవుడు మాటిచ్చాడుగా, మరి మనకెందుకొచ్చింది?” ఆదికాండం 9వ అధ్యాయంలో ఉన్న మాట భూమిని, సమస్త శరీరులను నాశనం చేసే ప్రళయం గురించి. ఏ ఏరూ ఎప్పుడూ పొంగదని కాదు. అలాగే చెప్పాను. పెద్దవాళ్లతో లూకా 13 చదివించాం. సిలోయములో గోపురం పడి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావాళ్లకంటే పాపాత్ములా అని ప్రభువే అడిగి, కాదని ఆయనే చెప్పిన చోటు అది. ఎనిమిదో తరగతి వాడికి అది నచ్చింది. ఆ అమ్మాయికి సరిపోలేదు. “రాకుండా చెయ్యొచ్చుగా” అంది. నేనూ ప్రార్థనలో అదే అడుగుతుంటానని చెప్పాను. అంతకంటే చెప్పబోయి ఉంటే అబద్ధమయ్యేది.

పెద్దవాళ్ల లెక్కలు

ఇన్ని వారాలు ఒకే కథ ఏంటని తల్లిదండ్రుల్లో కొందరు టెన్షన్ పడ్డారు. సంవత్సరాంతపు పరీక్షకు సిలబస్ ఉంది, బైబిలు క్విజ్ ఉంది, పక్క చర్చి పిల్లలు యోసేపు దాకా వెళ్లిపోయారు. వాళ్ల భయం తీసిపారేసేది కాదు. బహుమతి వస్తే ఇంట్లో గోడకు పెట్టుకుంటారు, ఆ సంవత్సరం గోడలన్నీ ఖాళీగానే ఉన్నాయి మరి. పాఠం లేని వారాల్లో కూడా చివరి పది నిమిషాలు క్విజ్ ప్రశ్నలకు కేటాయించాం. పరీక్షలో ‘ఓడ పొడవెంత’ అన్నదానికి ఒకడు ‘300 మూరలు, అంటే మందుల షాపు దాకా’ అని రాశాడు. దిద్దిన టీచరమ్మ మాకు ఫోన్ చేసి మరీ మార్కు వేశారు.

ఖర్చు దాదాపు లేదు. పురికొస, సుద్ద, టేపు, రంగు. ఇద్దరు టీచర్లు మాత్రం తప్పనిసరి. ఎవరైనా ఏడిస్తే ఒకరు బయటికి తీసుకెళ్లాలి, క్లాసు ఆగకూడదు. అలా రెండుమూడుసార్లు అవసరపడింది. ఒకమ్మాయికి నిద్రలో కలవరింతలు తగ్గలేదని తెలిశాక, ప్రార్థనతో పాటు డాక్టరుకు చూపించమని తల్లికి చెప్పాం. పాఠంతో అన్నీ నయమవుతాయని సండే స్కూలు టీచరు అనుకోకూడదు.

మీ దగ్గర వరద రాకపోవచ్చు. గుంటూరు వైపు మిర్చి పంట పోయిన సంవత్సరం యోసేపు కరువు కథ చెప్పాల్సి రావచ్చు. అప్పుడు కూడా వరస ఇదే పెట్టుకోండి. ముందు పంట ఎందుకు పోయిందో, తెగులా, వానా, ధరా, పిల్లల నోటనే రప్పించండి. కరువు రాబోతోందని ముందే చూపిన ఫరో రాజు కల ఆ తర్వాత. ఈ వరస తలకిందులైతే పిల్లలు తమ నాన్న చేసిన తప్పేంటో కథలో వెతుక్కుంటారు.

మిగిలిపోయిన పాఠాలను వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి వీబీఎస్‌లో కలిపేశాం. దావీదు, గొల్యాతు దగ్గరికి వచ్చేసరికి పిల్లలే బీరువాలోంచి పురికొస తీశారు. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జానెడు, తొమ్మిదిన్నర అడుగుల పైమాట. చర్చి బయటి గోడకు నిచ్చెన వేసి సుద్దతో గీత పెట్టాం. ఈసారి జాన ఎవరిదన్న గొడవ వచ్చింది, పూలావిడ ఆ రోజు బేరానికి రాలేదు.